మొబిలిటీ స్కూటర్ ఎక్కి చూశాను: బొటనవేలికి తప్ప అన్నిటికీ సుఖమే

మోకాళ్ళు అరిగిపోయి, బజారుకెళ్తే ముందు కూర్చునే చోటు ఎక్కడుందా అని చూసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో మా అబ్బాయి వాళ్ళ ఊళ్ళో షాపింగ్ సెంటర్ కార్ పార్కింగ్ పక్కనే షాప్‌మొబిలిటీ ఆఫీసు ఉంది, ఎక్కువ దూరం నడవలేనివాళ్ళు కూర్చుని నడుపుకునే మొబిలిటీ స్కూటర్లు, అంటే బ్యాటరీ బండ్లు, పూటకింతని అద్దెకిస్తారు. ఇలాంటివి ఇక్కడ చాలా ఊళ్ళలో ఉన్నాయి. నాకిచ్చింది నాలుగు చక్రాల చిన్న బండి, ముందు బుట్ట, పక్కకి తిరిగే సీటు.

మన స్కూటీ నడిపినవాళ్ళకి ఇదే ఎక్కువ తికమక. తిప్పడానికి యాక్సిలరేటరు లేదు, హ్యాండిల్ కింద అటూ ఇటూ రెండు చెవుల్లాంటి లివర్లుంటాయి, కుడిది చేతి బొటనవేలితో నొక్కితే ముందుకి, ఎడమది నొక్కితే బీప్ బీప్‌మంటూ వెనక్కి, వదిలేస్తే దానంతటదే ఆగిపోతుంది. బ్రేకు అదే. కంగారుపడితే మనం దేన్నైనా గట్టిగా పట్టుకుంటాం కదా, ఇక్కడ మాత్రం వదిలేయాలి, అది చేతికి అలవాటయ్యేదాకా ఖాళీ స్థలంలో తిప్పండి. వేగానికి ఒక నాబ్ ఉంది, ఒకవైపు తాబేలు బొమ్మ, ఒకవైపు కుందేలు బొమ్మ. షాపుల లోపల తాబేలే.

ఫుట్‌పాత్ మీద తిరిగే ఈ రకానికి ఇక్కడి చట్టం ప్రకారం గంటకు 4 మైళ్ళే, అంటే 6 కిలోమీటర్ల పైచిలుకు. ఇంతేనా అనుకున్నాను గానీ సంచులు పట్టుకుని పక్కన నడిచే మనిషికి అది ఎక్కువే, మా కోడలు వెనకనుంచి "అత్తయ్యా, కాస్త తాబేలు మీద పెట్టండి" అని కేకేసింది. వీల్‌చెయిర్‌కీ దీనికీ నాకు కనబడ్డ తేడా ఇదే. వీల్‌చెయిర్‌లో తోసేవాళ్ళు ఆపినచోట చూడాలి, ఇందులో నాకు నచ్చిన కిటికీ ముందు నేను ఆగుతాను, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఇక ఇబ్బందులు. లివర్ నొక్కిపెట్టి ఉంచాలి కాబట్టి కాసేపటికి బొటనవేలు లాగుతుంది, చేతివేళ్ళకి కూడా కీళ్ళనొప్పులున్నవాళ్ళు కొనేముందు ఇది తప్పకుండా చూసుకోండి. బ్యాటరీ మీటరు ఎత్తు ఎక్కుతుంటే పడిపోయి, సమంగా ఉన్నచోట మళ్ళీ లేస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు, అలాగని నిలబడి ఉన్నప్పుడు ఫుల్ చూపించిందని నమ్మనూ వద్దు. ఫుట్‌పాత్ అంచు ఏటవాలుగా దించినచోట నేరుగా దిగాలి, అడ్డంగా దిగితే బండి ఒరుగుతుంది. వెనక చక్రాల దగ్గర బండిని తోసుకోడానికి ఇంకో లివర్ ఉంటుంది, అది వేస్తే మోటారూ పనిచేయదు, బ్రేకూ ఉండదు, వాలు మీద మాత్రం దాని జోలికి పోకండి. ఒక బట్టల షాపులో అయితే స్టాండ్లు ఎంత ఇరుగ్గా పెట్టారంటే, తిప్పుకునే వీల్లేక వచ్చిన దారినే బీప్ కొట్టుకుంటూ వెనక్కి వచ్చాను, అందరూ తిరిగి చూడటమే.

కొందామని ఒక షాపుకి కూడా వెళ్ళాం. విడదీసి కారు డిక్కీలో పెట్టుకునే మోడల్ చూపించి షాపతను "చాలా తేలిక" అన్నాడు, సీటూ బ్యాటరీ తీశాక మిగిలిన వెనకభాగాన్ని మా కోడలు ఒక్కతే ఎత్తలేకపోయింది. మొత్తం బరువు కాదు, విడదీశాక అన్నిటికన్నా బరువైన ముక్క ఎన్ని కిలోలో అడగండి. గంటకు 8 మైళ్ళు వెళ్ళే పెద్ద రకాలూ ఉన్నాయి, అవి రోడ్డు మీదికీ వెళ్తాయి, లైట్లూ ఇండికేటర్లూ ఉంటాయి, రిజిస్ట్రేషన్ కావాలి, లైసెన్స్ మాత్రం అక్కర్లేదు. నాకెందుకవి.

గుంటూరుకి తీసుకెళ్దామా అని అబ్బాయి అడిగాడు. మా వీధిలో ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరో టిఫిన్ బండో ఉంటుంది, ఈ చిన్న చక్రాల బండి మా స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట తగిలి ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ లోపల తిరగడానికైతే పనికొస్తుంది, అంతకోసం అంత డబ్బు పెట్టను. ఇక్కడున్నన్నాళ్ళూ అద్దెకే తీసుకుంటాను.