స్ప్రింగులు కంపెనీవే ఉంచి కారు షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చాను: మూడేళ్ల వాడకం తర్వాత

మాది అమలాపురం. లక్ష కిలోమీటర్లు దగ్గరపడేసరికి నా డీజిల్ ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు బాగా ఊగడం మొదలైంది. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఇంకోసారి ముక్కు లేచి పడేది. వంతెన కుంగదు, దానికి ఆనించి పోసిన మట్టికట్ట కుంగుతుంది, ఆ అతుకులో మెట్టు పడుతుంది. కోనసీమలో ఎటు వెళ్లినా ఇలాంటి అతుకులే. వెనక సీట్లో అమ్మకి నడుం నొప్పి. "ఏంట్రా, పడవెక్కినట్టుంది" అనేది.

స్ప్రింగులు పోయాయనుకున్నాను. చూపిస్తే అవి బాగానే ఉన్నాయి, వెనక షాకు ఒకటి ఆయిల్ కారుతోంది. బండి బరువు మోసేది స్ప్రింగు. అది నొక్కుకున్నాక పదేపదే ఎగరకుండా పట్టి ఆపేది షాకు. "పన్లో పని, బండిని కిందికి దించే స్ప్రింగులు వేయించండి, లుక్ వస్తుంది" అన్నారొకరు. వద్దన్నాను. వానాకాలంలో కాలవ గట్ల మీద తిరిగేవాళ్లం, అంగుళం ఎత్తు కూడా వదులుకోలేం.

బిల్‌స్టీన్ కంపెనీ బీ6 షాకులు తీసుకున్నాను, నాలుగూ. బీ6 కంపెనీ స్ప్రింగులతో వాడటానికి చేసింది, దించిన స్ప్రింగులకైతే బీ8. ఇవి మోనోట్యూబ్ షాకులు. ఒకే గొట్టంలో ఆయిల్ ఒకవైపు, ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఒకవైపు, మధ్యలో కదిలే పిస్టన్. రెండూ కలవవు కాబట్టి గతుకుల్లో ఎంతసేపు నడిపినా ఆయిల్ నురగెత్తి పట్టు తప్పదు. ఖర్చు మాత్రం మామూలు షాకులకి రెండింతల పైనే.

మొదటి వారం టెన్షన్ పడ్డాను. ఊళ్లో నెమ్మదిగా పోతుంటే ప్రతి చిన్న గతుకూ తెలిసేది. టైర్లలో గాలి చూస్తే పంక్చర్ షాపులో ఎక్కువ కొట్టేశారు. కంపెనీ లెక్కకి దించాక చాలా నయమైంది. కానీ 30 లోపు వేగంలో సిమెంటు రోడ్డు అతుకులు ఇప్పటికీ పాతవాటి కంటే గట్టిగానే తగులుతాయి. 60 దాటితే బండి మారిపోతుంది. వంతెన అతుకు మీద ఒక్కసారి దిగి, లేచి, అక్కడితో ఆగుతుంది. దిండి, చించినాడ మీదుగా భీమవరం వెళ్లొచ్చాక నడుం పట్టేసిందని అమ్మ అనలేదు. నాకు అన్నిటికంటే అదే పెద్ద విషయం.

ఒక తప్పు జరిగింది. ముందు స్ట్రట్‌లకి (ముందు చక్రాల దగ్గర షాకు, స్ప్రింగు కలిసి ఉండే భాగాలు) పాత టాప్ మౌంట్లు (వాటి పైకొసని బాడీకి పట్టించే రబ్బరు దిమ్మలు), బేరింగులే తిరిగి బిగించారు. రెండు నెలలకే స్టీరింగ్ తిప్పితే టక్ టక్ శబ్దం. మళ్లీ మొత్తం విప్పి, మళ్లీ కూలీ ఇచ్చి, మళ్లీ వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సి వచ్చింది. మీరు మాత్రం మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు (షాకు పూర్తిగా నొక్కుకుపోయి కొట్టుకోకుండా ఆపే దిమ్మలు) ముందే కొనిపెట్టుకోండి. వెనక షాకుల కింది బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు వేయమనండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ (బోల్టు చుట్టూ ఉండే తొడుగు) మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఇప్పటికి 48,000 కిలోమీటర్లు తిరిగాను. నాలుగు షాకులూ పొడిగా ఉన్నాయి. అయితే సంక్రాంతికి డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు వేస్తే వెనక భాగం మునుపటిలాగే దిగుతుంది. స్ప్రింగులు అవే కదా, బరువు మోసే శక్తి ఏమీ పెరగదు. ఆ బరువుతో వంతెన దాటినా వెనక ఊగడం మాత్రం లేదు.