పంచిపెట్టడానికి ఏది మేలు: ఉబుంటూనా, డెబియనా?

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు బడులకు పెన్‌డ్రైవ్‌లో ఉబుంటూ, డెబియన్ లాంటి ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పంచాలంటే, మార్పులేని ఉబుంటూ ఐఎస్‌ఓతో (ఇన్‌స్టాల్ చేసే సిస్టమ్ అంతా ఉన్న ఒకే ఫైలుతో) చిక్కు లేదు. తెలుగు, ఒడియా ఫాంట్లు చేర్చి అదే పేరుతో పంచితే మాత్రం ఉబుంటూ తయారుచేసే కెనానికల్ కంపెనీ అనుమతి కావాలి. లేదంటే వాళ్ల ట్రేడ్‌మార్కులు (పేరు, లోగోలు) తీసేసి, సోర్స్ (ప్రోగ్రాముల మూల కోడ్) నుంచి మళ్లీ కంపైల్ చేయాలి, అంటే నడిచే ప్రోగ్రాములుగా మార్చాలి. చిన్న బృందానికి అది మోయలేని పని.

డెబియనే నయం. ‘మెయిన్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విభాగంలోని తెలుగు, ఒడియా ఫాంట్ ప్యాకేజీలు ఫాంట్స్-తెలు, ఫాంట్స్-ఓర్య చేర్చి పంచవచ్చు, అధికారిక డెబియన్ అని చెప్పకూడదు, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద ఉన్న ప్రోగ్రాముల సోర్స్ కూడా అందేలా చూడాలి. 2023 నాటి 12వ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. ఆ ఫర్మ్‌వేర్‌ను పంచవచ్చు గానీ, అందులో చాలావాటిని మార్చే హక్కు లేదు.

ఏరియల్ లాంటి మైక్రోసాఫ్ట్ ఫాంట్లతో రెండింటా ఇబ్బందే. వాటి ఇన్‌స్టాలర్ ప్యాకేజీలో ఫాంట్లుండవు, ఇన్‌స్టాల్ వేళ నెట్ నుంచి దిగుతాయి. నెట్ లేని బడిలో పని ఆగిపోతుంది. బదులుగా లిబరేషన్ అనే స్వేచ్ఛా ఫాంట్లు పెట్టండి. అక్షరాల వెడల్పు ఒకటే కనుక ఏరియల్‌లో చేసిన ఇంగ్లిషు పత్రాల వరుసలు చెదరవు.