లోడర్ మంచిదే, ఆ బ్రాకెట్ చిల్లులు మాత్రం చూసుకుని కొనండి

బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర మా డెయిరీలో చిన్న ట్రాక్టర్‌కి ముందు లోడర్, అంటే పేడా మట్టీ ఎత్తిపోసే బకెట్, బిగించి ఏళ్లవుతోంది. హెచ్‌పీ ఎంత, ఎన్ని కిలోలు ఎత్తుతుంది లాంటివి కంపెనీ కాగితాల్లో ఎలాగూ ఉంటాయి. నేను రాయాలనుకున్నది బకెట్‌ను మోసే రెండు ఇనుప చేతులను, అంటే లోడర్ ఆర్ములను, ట్రాక్టర్ ఒంటికి పట్టి ఉంచే బ్రాకెట్ గురించి. దాని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

షెడ్డులో గచ్చు మీద పేడ తీయడమే మా లోడర్‌కి రోజూ ఉండే పని. బకెట్ అంచు నేలకు సమంగా ఆనితే ఒక్క ఊపులో గచ్చు శుభ్రంగా వస్తుంది. అలాంటిది ఎడమవైపు బెత్తెడు వెడల్పున పేడ చార మిగిలిపోవడం మొదలైంది. కుడి మూలేమో గచ్చును గీరి సిమెంటు లేపేస్తోంది. బకెట్ ఇంకాస్త దించితే కుడివైపు మరింత కొరుకుతుంది, లేపితే ఎడమవైపు మొత్తం వదిలేస్తుంది. వెనకాలే ఒక మనిషి పార పట్టుకుని నడవాల్సి వచ్చింది. అసలు లోడర్ కొన్నదే మనుషులు దొరకడం లేదని.

డీలర్ పంపిన మెకానిక్ చూడగానే తేల్చేశాడు: "కుడి సిలిండర్ వీకైపోయింది సార్, మార్చాల్సిందే." నాకు నమ్మకం కుదరలేదు. ఆయిల్ ప్రెషర్‌తో ఆర్ములను పైకెత్తే రెండు సిలిండర్లకూ ఆయిల్ ఒకే లైను నుంచి చీలి వెళ్తుంది. పైగా రెండు ఆర్ములనూ కలుపుతూ మధ్యలో దిట్టమైన అడ్డ పైపు వెల్డింగ్ చేసి ఉంటుంది. ఒక సిలిండర్‌లో సీలు పోతే ఎత్తిన బకెట్ మొత్తంగా మెల్లగా దిగుతుంది గానీ ఒక్క మూల వాలదు. మూల వాలిందంటే అడ్డ పైపు మెలిపడి ఉండాలి, ఆర్మ్ వంగి ఉండాలి, పిన్నులూ బుష్షులూ అరిగి ఉండాలి, అవేవీ కాకపోతే ఆర్ములు బిగించిన చోటే తేడా ఉండాలి. ఇదంతా ఆ మెకానిక్‌కి చెప్పాను. సిలిండర్ రేటు మళ్లీ చెప్పి వెళ్లిపోయాడు.

పాత మద్రాసు రోడ్డు పక్కన పలమనేరు ఆయన వెల్డింగ్ షాపు ఒకటి ఉంది. "అన్నా, ఒకసారి వచ్చి చూడు" అంటే టేపు, స్పిరిట్ లెవల్ పట్టుకుని వచ్చాడు. ముందు టైర్లలో గాలి సమానం చేయించాడు. ఒక టైర్లో గాలి తగ్గినా బకెట్ వాలినట్టే కనిపిస్తుందట. తర్వాత బకెట్ పిన్నులు ఊపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. అప్పుడు రెండువైపులా ఆర్మ్ వెనక పిన్ను నుంచి గచ్చు దాకా టేపు పెట్టాడు. కుడివైపు అర అంగుళం తక్కువ వచ్చింది. షెడ్డు గచ్చుకి కాలువ వైపు వాలు ఉంటుంది కదా, అందుకని ట్రాక్టర్‌ను ఎదురు దిక్కుకి తిప్పించి మళ్లీ కొలిచాడు. అప్పుడూ కుడివైపే తక్కువ. "ఆర్ముది తప్పు లేదు సార్, అది కూర్చున్న పీటే జారింది" అన్నాడు.

మట్టీ గ్రీజూ గీకితే అసలు సంగతి బయటపడింది. బోల్టు వాషర్‌కి కిందివైపు రంగు లేచిపోయి, నెలవంకలా ఇనుము మెరుస్తోంది. బ్రాకెట్ చిల్లులు గుండ్రంగా లేవు, నిలువుగా పొడుగ్గా ఉన్నాయి. ఒకే బ్రాకెట్ రకరకాల ట్రాక్టర్లకు సరిపోవాలని అలా చేస్తారట. అలాంటి చిల్లులో బరువు మోసేది బోల్టు ఒళ్లు కాదు, బోల్టు బిగువు. బిగువు కాస్త సడలితే బ్రాకెట్ జారుతుంది. మా పేడ దిబ్బ కుడి చేతివైపు ఉంది, బకెట్ కుడి మూలే ముందు దిగబడుతుంది, కాబట్టి అటువైపే జారింది. కొత్త లోడర్ బిగించాక మొదటి కొన్ని గంటల పని తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించాలని మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. మాకు పుస్తకం ఇవ్వలేదు, బిగించినవాళ్లు నోటిమాటగానైనా చెప్పలేదు. నా కోపమంతా ఇక్కడే.

బకెట్ నేలకు దించి, ఇంజిన్ ఆపి, లివర్‌ను అన్నివైపులా ఆడించి హోస్‌లలో ప్రెషర్ తీసేశాక, ఆర్ముల కింద దిమ్మెలు పెట్టి గానీ ఆయన పిన్ను ముట్టుకోలేదు. బ్రాకెట్లు రెండూ షాపుకి తీసుకెళ్లి, పొడుగు చిల్లుల్లో ఇనుప ముక్కలు పెట్టి వెల్డింగ్‌తో పూడ్చి, ఎడమవైపు కొలత ప్రకారం గుండ్రంగా కొత్త చిల్లులు వేశాడు. ట్రాక్టర్ ఒంటి మీద మాత్రం వెల్డింగ్ వద్దన్నాడు. అది పోత ఇనుము, మామూలు వెల్డింగ్‌కి పగులుతుంది. పాత బోల్టుల తల మీద ఎంత గట్టివో చెప్పే గ్రేడు అంకె కూడా లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి 8.8 గ్రేడువి, 16 ఎంఎం బోల్టులు తెప్పించి, బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో 200 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాడు. ప్రతి బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాడు. బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. ఇప్పుడు గ్రీజు కొట్టేటప్పుడల్లా మా కుర్రాడు ఆ గీతలు చూస్తాడు.

పేడ చార పోయింది. సిలిండర్ కొనకుండానే పోయింది, అందుకు చాలా సంతోషం. కుడి మూల అంచు గచ్చుకి రాసుకుని అరిగింది కాబట్టి పూర్తిగా కొత్తప్పటిలా లేదు, అంచు పట్టీ మార్చాలి.

కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనమని చెప్పాను. గచ్చు మీద పేడ, ఎరువు, దాణా బస్తాల వరకైతే ఇప్పుడూ అదే చెబుతాను. మా చుట్టుపక్కల చాలా పొలాల్లో ఉన్నట్టు నీలగిరి మొద్దులు తీయించాలనుకునేవాళ్లకు చెప్పను. బకెట్ ఒక మూలతో మొద్దును తోస్తే బ్రాకెట్ దాకా ఎందుకు, అడ్డ పైపే మెలిపడుతుంది. మాది రోజుకి రెండు పూటలా నడిచే పని, వారానికోసారి వాడేవాళ్లకు ఈ గొడవ రాకపోవచ్చు కూడా.

మాలూరు దగ్గర మా బావగారు తోటకి ఇదే లోడర్ కిట్ కొంటున్నారు. చిల్లులు పూడ్పించి గుండ్రంగా వేయించాకే బిగించమని అడగమన్నాను. అలా చేస్తే వారంటీ పోతుందని డీలర్ అంటున్నాడట. అయితే బ్రాకెట్ జారితే బాధ్యత తమదేనని కాగితం మీద రాసిమ్మనండి బావగారూ అని చెప్పాను. అడ్వాన్స్ ఇంకా కట్టలేదు.