చెక్ దేశపు జావా ట్యాంకు: రేకుకి వంక లేదు, లోపలి పూతతోనే తంటా

పాత జావా మోటార్‌సైకిల్‌కి చెక్ దేశం నుంచి తెప్పించిన ఈ పెట్రోల్ ట్యాంకు గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఒక్కటే. కొనండి, కానీ లోపల పూత మాత్రం వేయించుకోకండి. రేకు మంచిది, వెల్డింగ్ మంచిది, ఆకారం అచ్చం పాతదే. ఇంత మంచి వస్తువుని లోపల పూసిన తేనెరంగు పొర పాడుచేసింది. ఆ పొరకి విడిగా డబ్బు కూడా తీసుకున్నారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మాది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. వానాకాలం మొదలైతే బీరువాలో బట్టలకి కూడా బూజు పట్టే ఊరు. మా నాన్నగారి జావా 250 ట్యాంకు అడుగు అతుకు దగ్గర తుప్పు తినేసింది. ఇత్తడి అతుకు వేయించాం, ఎంసీల్ పెట్టాం. ఒకచోట మూస్తే ఇంకోచోట చెమర్చేది. ఈ బండి చేసిన మైసూరు కర్మాగారం 1996లోనే మూతపడింది, కాబట్టి కొత్త అసలు ట్యాంకు అన్న మాటే లేదు. మన దేశంలో చేసిన నకలు ఒకటి తెప్పించి చూశాను. మోకాలి రబ్బర్లు కూర్చునే చోట ఒంపు మొద్దుగా ఉంది, బొటనవేలితో నొక్కితే రేకు లోపలికి పోతోంది. చెక్ దేశంలో ఈ మోడల్‌కి ఇప్పటికీ విడిభాగాలు చేస్తున్నారు. అక్కడి నుంచే తెప్పించాను.

తెప్పించేటప్పుడు తెలిసి ఉండాల్సింది రెండే విషయాలు. ఒకటి, పెట్రోల్ ట్యాంకు అనగానే కొరియర్ వాళ్లు ఆపేస్తారు. ఇది కొత్తది, ఇందులో ఎప్పుడూ ఇంధనం పోయలేదు అని అమ్మినవాళ్ల దగ్గర కాగితం ముందే రాయించుకోవాలి. వాడిన ట్యాంకైతే ప్రమాదకర సరుకు కింద లెక్కేస్తారు. రెండోది సుంకం. నేను తెప్పించినప్పుడు ట్యాంకు ధర, రవాణా కలిపిన మొత్తం మీద దాదాపు సగం కట్టాను. అందులో జీఎస్టీ కూడా కలిసే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద ఆ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఇప్పుడు కొంత తగ్గాలి. ఆధార్, పాన్ అడగడం మామూలే.

పెట్టె విప్పిన రోజున నేను దీన్ని ఎంత పొగిడానో మా వీధిలో చాలామందికి గుర్తుంది. ముదురు ఎరుపు, పక్కల క్రోమ్, అంచున బంగారు గీత. బిగించే రంధ్రాలకి కొంచెం ఆకురాయి పట్టాల్సి వచ్చింది కానీ పాత పెట్రోల్ ట్యాప్ మాత్రం మర మీద చక్కగా కూర్చుంది. ఆ పొగడ్తలో చాలాభాగం ఇప్పటికీ నిలుస్తుంది. క్రోమ్ విషయంలో అంత గట్టిగా చెప్పలేను. మోకాలి రబ్బరు వెనక నీరు నిలిచే చోట సన్నటి చుక్కలు లేచాయి. బంగారు గీత చేత్తో గీసింది కాదు, వార్నిష్ కింద అంటించిన స్టిక్కరు. మూత పక్కన పెట్రోలు ఒలికిన చోట అంచు లేచింది. మూత వాషరు ఉబ్బిపోతే మార్చాను. వాడకంలో ఇవన్నీ సహజమే, వీటికి నాకు బాధ లేదు.

అసలు కథ రెండో వానాకాలం తర్వాత మొదలైంది. గుణుపురంలో పెళ్లికి మా ఆవిడతో బయల్దేరాను. కాశీనగర్ దాటాక బండి గొంతు మారింది. నెమ్మదిగా పోతే బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ తిప్పితే ఊపిరాడనట్టు కొట్టుకుంటుంది. ఆపి ప్లగ్ తీసి చూస్తే పొడిగా ఉంది. పైపు ఊడదీస్తే పెట్రోలు ధారగా వస్తోంది. మళ్లీ కిక్ కొడితే మొదటి దెబ్బకే స్టార్ట్. కొంత దూరం పోయాక మళ్లీ అదే వరస. ఆగితే బాగుంటుంది, పరిగెడితే చచ్చిపోతుంది. ఇలాంటప్పుడు ఎవరైనా ప్లగ్‌కి నిప్పురవ్వ అందించే కండెన్సర్‌నో కాయిల్‌నో అనుమానిస్తారు, వేడెక్కితే అవీ ఇలాగే చేస్తాయి మరి. దారిలో చూసిన మెకానిక్ కూడా పాయింట్లు శుభ్రం చేసి పంపించాడు.

చిన్న ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుంది. పిస్టన్ పట్టేసింది. టూ స్ట్రోక్ బండిలో ఇంజిన్‌కి ఆయిల్ అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది, అదే సమయంలో ఆయిల్ కూడా తగ్గుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. మా ఆవిడ ఆటోలో పెళ్లికి వెళ్లింది, నేను బండిని టాటా మ్యాజిక్‌లో ఎక్కించుకుని ఇంటిదారి పట్టాను. సిలిండర్ రీబోర్, కొత్త పిస్టన్, రింగులు. నాన్నగారు అంత జాగ్రత్తగా వాడిన ఇంజిన్ అది.

కారణం కనిపెట్టింది మా ఊరి మేస్త్రీయే. ట్యాంకు దించి, ట్యాప్ విప్పి, లోపల టార్చి కొట్టి చూశాడు. "ఏటి బాబూ, లోపల మీగడ కట్టీసింది" అన్నాడు. నిజంగానే మీగడలా పొర లేచి వేలాడుతోంది. బండి పరుగులో పెట్రోలు లాగినప్పుడల్లా ఆ పొర ముక్క ట్యాప్ గొట్టం మీదికి వచ్చి అతుక్కుంటోంది. బండి ఆగితే విడిపోయి తేలిపోతోంది. అందుకే ఆగి చూసినప్పుడు ఏ లోపమూ దొరకలేదు.

కొత్త ట్యాంకుకి లోపల తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంచుతారు. ఆ నూనె పూర్తిగా కడగకుండా పైన పూత పోస్తే అది రేకుని పట్టుకోదు. దానికి ఇథనాల్ తోడైతే అంచుల నుంచి లేవడం మొదలవుతుంది. మాకు పెట్రోలు ఆంధ్రాలో కంటే చవక, పాతపట్నం వాళ్లు కూడా ఇక్కడికి వచ్చి కొట్టించుకుంటారు. ఇటు కొట్టించినా అటు కొట్టించినా ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. పూత వేయించమని అమ్మినవాళ్లు నాకు సలహా ఇచ్చింది కూడా ఈ ఇథనాల్ పేరు చెప్పే. ఫొటోలు పంపితే వచ్చిన జవాబేమిటంటే, ఇథనాల్ వల్ల పూతకి జరిగే నష్టానికి హామీ లేదట, రేకుకి మాత్రమే ఉందట. దేని నుంచి కాపాడుతుందని డబ్బు తీసుకున్నారో దానికే హామీ లేకపోతే అది అమ్మకూడని వస్తువు. నా మాట ఇదే అని వాళ్లకీ రాశాను.

పొర తీయడం పెద్ద పని. ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, చేతులకి గ్లవ్స్ వేసుకుని అసిటోన్ పోసి నానబెట్టాం. తర్వాత పాత సైకిల్ చైన్ లోపల వేసి, ట్యాంకుని గోనెసంచిలో చుట్టి అటూ ఇటూ దొర్లించాం. పెయింటు మీద అసిటోన్ చుక్క పడితే అక్కడ రంగు పోతుంది, మూత దగ్గర గుడ్డ చుట్టక తప్పదు. ముక్కలు బయటికి రావడం ఆగేదాకా అదే పని. చివరికి టార్చి కొడితే తెల్లగా మెరిసే రేకు కనిపించింది. ఒక్క తుప్పు మచ్చ లేదు, వెల్డింగ్ గీత ఒకే వరసలో నడిచింది. ఈ ట్యాంకుని చేసినవాళ్ల పనితనం నాకు ఆ రోజే అర్థమైంది. ఇంత పని తెలిసినవాళ్లు ఆ పూత ఎందుకు పోశారా అని బాధ కూడా వేసింది.

అప్పటి నుంచి పూత లేకుండానే వాడుతున్నాను, తుప్పు రాలేదు. లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్, కలుపుతాం కాబట్టి ఆ జిడ్డే రేకుని కాస్తుంది. వానాకాలంలో బండి కదలకుండా ఉంటే మాత్రం ఇంకో గండం ఉంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాప్ మొదట లాగేది ఆ అడుగు నీళ్లనే, అందులో ఆయిల్ ఉండదు. అందుకని ఎక్కువ రోజులు నిలిపితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేస్తాను. కొద్ది రోజులకైతే మెడ దాకా నింపి ఉంచుతాను, తేమగాలికి చోటుండదు.

నా బండి టూ స్ట్రోక్, ఊరు తేమ ఊరు, మేస్త్రీ పిలిస్తే వచ్చే దూరంలో ఉన్నాడు. అందుకే ఈ ట్యాంకుతో నాకు కుదిరింది. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండికి పెట్రోల్లో ఆయిల్ ఉండదు, కాబట్టి పూత వద్దన్న నా మాట దానికి యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేను. పొడి ప్రాంతంలో రోజూ నడిపేవాళ్లకి పూత నిలిచినా నిలవచ్చు. ఇంత సుంకం కట్టాలా అంటే, అది నాన్నగారి బండి కాకపోతే నేనూ కట్టేవాణ్ని కాదేమో. వాళ్ల దగ్గర మళ్లీ కొంటానా అంటే కొంటాను, లోపల నూనె తప్ప ఇంకేమీ పూయలేదని రాసిస్తేనే.