ఫుల్ బాడీ హార్నెస్: కరెంటు స్తంభాల మీద కొన్నేళ్ల వాడకం తర్వాత

పరకాల, నర్సంపేట వైపు పల్లెల్లో లైన్‌మన్‌గా పనిచేస్తూ, కొన్నేళ్లుగా నడుము బెల్టు మానేసి, భుజాలు, నడుము, తొడల చుట్టూ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్‌తోనే స్తంభాలు ఎక్కుతున్నాను. ఐఎస్ 3521 (ఈ సరుకుకు మన దేశ నాణ్యతా ప్రమాణం) ముద్ర ఉన్న సరుకుల మధ్య నాకు పెద్ద తేడా కనిపించలేదు కాబట్టి కంపెనీల జోలికి పోను. మన స్తంభాల ఎత్తుకు ఇందులోని ఏ భాగం నిజంగా ప్రాణం కాపాడుతుందో తోటి పనివారికి చెప్పాలన్నదే నా ఉద్దేశం.

దుకాణంలో అందరూ గొప్పగా చూపించేది వీపు రింగుకు తగిలించే షాక్ అబ్జార్బర్ తాడును. మనిషి జారినప్పుడు దాని మడతల కుట్లు ఒక్కొక్కటిగా విడిపోతూ, ఒంటి మీద పడే కుదుపును 6 కిలోన్యూటన్లు (సుమారు 600 కిలోల బరువంత) దాటకుండా ఆపుతాయి. పరికరం మంచిదే గాని, అది పనిచేయడానికి కింద ఖాళీ కావాలి. తాడు పొడవు సుమారు 2 మీటర్లు, కుట్లు విడిపోతే పెరిగే పొడవు మీటరున్నర పైచిలుకు, రింగు కింద వేలాడే మనిషి ఎత్తు, కొంత ఎడం అన్నీ కలిపితే కొక్కెం తగిలించిన చోటి నుంచి దాదాపు 6 మీటర్లు అవుతుంది. మన ఎల్‌టీ (ఇళ్లకు, మోటార్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ) లైన్ల 8 మీటర్ల సిమెంటు స్తంభంలో సుమారు మీటరున్నర భూమిలోనే ఉంటుంది. మిగిలిన ఆరున్నర మీటర్లలో, పైన క్రాస్ ఆర్మ్ (తీగలను మోసే అడ్డ కమ్మీ) దగ్గర పనిచేసే మనిషికి ఆ తాడు ఒక్కటే ఆధారమైతే అది పూర్తిగా ఆపేలోపే కాళ్లు నేలకు తగలవచ్చు.

అందుకే నా దృష్టిలో ఈ హార్నెస్‌కు అసలు విలువ తెచ్చేది నడుముకు ఇరువైపులా ఉన్న రింగుల నుంచి స్తంభం చుట్టూ తిరిగే పట్టీ. దాన్ని నేల మీద నిలబడి ఉండగానే కట్టుకోవాలి. నడుము బెల్టుతో మనకు అలవాటైన పద్ధతి వేరు: ఉత్త చేతులతో పైదాకా పాకి, అక్కడ కూర్చున్నాక బెల్టు వేసుకుంటాం. మన ఊళ్లలో గీత కార్మికుడు తాటిచెట్టు మొదట్లోనే మోకు వేసుకుని ఎక్కుతాడు. కరెంటు స్తంభం ఎక్కేవాడికి ఆ పాటి రక్షణ లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. చెక్క స్తంభాలు ఎక్కువగా ఉన్న అమెరికాలో 2014లో సవరించిన నిబంధనల వల్ల, 2015 ఏప్రిల్ నుంచి 1.2 మీటర్లు దాటిన ఎత్తులో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా, మరీ వీలుకాని చోట తప్ప, కట్టుకునే ఉండాలి. అక్కడ ఎక్కడానికి బూటుకు కట్టుకునే ఇనుప ముల్లు చెక్క నుంచి ఊడినా, చుట్టూ ఉన్న పట్టీ బిగుసుకుని స్తంభాన్ని కరిచి పట్టుకుంటుంది. మన సిమెంటు స్తంభానికి ముల్లు దిగదు. పైగా అది పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ప్రతి నాలుగైదు అడుగులకు ఒకసారి పట్టీని కురచ చేసుకోకపోతే జారినప్పుడు అది పట్టు దొరక్క మనతోపాటే కిందికి వస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. హనుమకొండ వంటి పట్టణంలో స్తంభానికి చుట్టి ఉన్న టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లను, స్టే క్లాంపును (స్తంభాన్ని లాగి పట్టే తీగను బిగించే పట్టాను) దాటాలంటే రెండు పట్టీలు తప్పనిసరి. పైదానికి కొక్కెం పడ్డాకే కిందిది విప్పాలి. దీనివల్ల పని కొంత ఆలస్యమవుతుంది, కింద నిలబడ్డ రైతు తొందరపెడతాడు. సిమెంటు అంచులకు రాసుకుని పట్టీ పోగులు లేస్తాయి గనుక పైన తొడుగు ఉన్నదే కొనాలి. మే నెల ఎండలో భుజాల పట్టీల కింద ఒళ్లు చెమటతో మండుతుంది. నా హార్నెస్ మొదట పాడైంది కుట్ల దగ్గరే. బండి డబ్బాలో పెట్రోలు, బ్యాటరీ యాసిడ్ తగిలే చోట పెట్టకుండా, మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెడితే ఎక్కువ కాలం వస్తుంది. ఒక్కసారి మనిషి బరువు కుదుపుతో పడ్డ హార్నెస్‌ను మాత్రం మళ్లీ వాడకూడదు.

స్తంభమే కూలితే ఏ పట్టీ కాపాడలేదు. నల్లరేగడిలో వానకు మొదలు వదులై, పత్తి చేలలో స్తంభాలు ఒరిగి ఉండటం మనకు తెలిసిందే. మొదట్లో పగుళ్లు, బయటపడ్డ ఇనుప తీగలు కనిపిస్తే ఎక్కకుండా నిచ్చెనో, బకెట్ ఉన్న వాహనమో అడగాలి.

మా సీనియర్లలో కొందరు, కరెంటు కొట్టినప్పుడు కింద పడితేనే బతుకుతామని, కట్టుకుని ఉంటే అక్కడే అతుక్కుపోతామని వాదిస్తారు. ఆ భయానికి మందు హార్నెస్ విప్పడంలో లేదు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు (తీగను భూమికి కలిపే కడ్డీలు) వేయడంలో ఉంది. ఇళ్లలోని జనరేటర్ల నుంచి వెనక్కి వచ్చే కరెంటుకు కూడా అదే అడ్డు. హార్నెస్‌కు కరెంటును ఆపే శక్తి ఏమాత్రం లేదు, దాని రింగులు ఇనుమువే.

జారి వేలాడుతున్న మనిషికి తొడల పట్టీలు ఒత్తుకుని రక్తం ఆడదు కాబట్టి కొద్ది నిమిషాల్లోనే దించాలి. అందుకే నిచ్చెన దగ్గర పెట్టుకుని రెండో మనిషి కింద సిద్ధంగా లేకుండా స్తంభం ఎక్కవద్దు. కొనేటప్పుడు తప్పక తొడుక్కుని చూడాలి, తొడ పట్టీ కింద అరచేయి మాత్రమే దూరేంత బిగువు ఉండాలి. ఇప్పుడు జూనియర్ లైన్‌మన్ పోస్టుల్లోకి మహిళలూ వస్తున్నారు, అందరికీ ఒకే సైజు పంచే పద్ధతి వారికి ఏమాత్రం సరిపోదు. ఇండెంట్ (సరుకు కావాలని ఆఫీసుకు పంపే చీటీ) రాసేటప్పుడే చిన్న సైజులు విడిగా అడగాలి.