చెన్నై ఎండకీ వానకీ నిలిచిన తాబేలు గూడు

విదేశీ వీడియోల్లో తాబేలు గూడు అనగానే హీటరు, థర్మోకోల్ గోడలు, బిగుతైన తలుపు చూపిస్తారు. మేడవాక్కంలో మా పెరట్లో సల్కాటా అనే ఆఫ్రికా తాబేలుకి కట్టించిన గూడు కొన్నేళ్లుగా వాడుతున్నాం. చెన్నైకి ఆ మూడూ దండగే. ఇక్కడ జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. భయపడాల్సింది మే నెల కత్తిరి ఎండకి, నవంబరు వానకి.

ఎక్కువ మార్కులు కప్పుకే. హాలో బ్లాకు గోడల మీద కడప బండ పరిచి, దానిపై జానెడు మట్టి పోసి గరిక నాటాం. బండ ఒక్కటే ఉంటే పగలంతా కాగి రాత్రి ఆ వేడి లోపలికి వదులుతుంది. మట్టి, గరిక ఉంటే అంత కాగదు. గరిక కత్తిరించినప్పుడల్లా మావాడికి మేత కూడా. దానిపైన గాలి ఆడేలా ఎడం వదిలి తాటాకు పందిరి. మే మధ్యాహ్నం బయట 40 దాటినా వీడు లోపల వెనక మూల మట్టిలో కూరుకుని హాయిగా పడుకుంటాడు. రేకు కప్పు మాత్రం ఎవరు సలహా ఇచ్చినా వద్దు, కింద పెనమే.

సల్కాటాది సహారాకి దక్షిణాన ఉండే మెట్ట ప్రాంతం. ఎండ తప్పించుకోవడానికి బొరియ తవ్వడం దాని పుట్టుబుద్ధి. అందుకే ఆవరణ గోడ పునాది అడుగున్నర లోతుకి దించాం. గోడకి జాలీ పెట్టొద్దు. అవతల ఏదైనా కనిపిస్తే చాలు, అటే నెడుతూ ముక్కు గీరుకుంటుంది. వానాకాలంలో అసలు టెన్షన్ బొరియతోనే. నీళ్లు నిండితే అందులోనే మునిగిపోవచ్చు, కాబట్టి అక్టోబరు మొదలవగానే బొరియ నోటికి బండరాయి అడ్డం పెడతాం.

గూడు నేల మోకాలెత్తున ఉంటుంది, ఎర్రమట్టిలో ఇసుక కలిపి పరిచాం. ఎక్కడానికి గరుకు సిమెంటు వాలు. నున్నగా ఉంటే జారి వెల్లకిలా పడుతుంది, ఎండలో అలా ఉండిపోతే ప్రాణానికే ముప్పు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పెరట్లో నీళ్లు ఆ వాలు సగం దాకా వచ్చాయి గానీ వాకిలి తడవలేదు. వాకిలి మాత్రం పెద్ద తాబేలు కొలతకే పెట్టించుకోండి. సల్కాటా చాలా వేగంగా పెరుగుతుంది, 45 కిలోలు దాటినవీ ఉన్నాయి.

బెంగళూరులో మా బావ ఇదే కొలతలతో కట్టించాడు. డిసెంబరు రాత్రుల్లో అక్కడ 15కి దిగుతుంది, తడి కూడా తోడైతే ముక్కు కారడం మొదలు. వాళ్ల గూట్లో థర్మోస్టాట్ ఉన్న హీటింగ్ ప్యానెల్ పెట్టక తప్పలేదు.

నక్షత్ర తాబేలు కోసం గూడు కట్టాలనుకుంటే ఇక్కడే ఆగండి, దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. సల్కాటా విదేశీ జాతి. అయినా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్లో నమోదు చేయించాలి.

ఇక నా ఫిర్యాదు తాటాకు మీదే. ఉడతలు పీకేస్తాయి, పందికొక్కులు దూరతాయి, నేసేవాళ్లు దొరకరు. ఈ వేసవికి వెదురు తడకల మీద షేడ్ నెట్ రెండు మడతలు వేయిస్తున్నాను.