మూడు జతల సైడ్ స్టెప్పులు, ఒకే పికప్

ఇప్పుడు నా పికప్‌కు ఉన్నది మూడో జత సైడ్ స్టెప్పులు, అంటే బండి ఎక్కడానికి తలుపుల కింద బిగించే మెట్లు. మొదటి జతను చూసి మురిసి కొన్నాను, రెండోదాన్ని విసిగి కొన్నాను, మూడోదాన్ని కొలిచి కొన్నాను. బండి నాలుగు తలుపుల డబుల్ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్. ఎనిమిదేళ్లలో 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. మూడో జత బిగించి నాలుగేళ్లు దాటింది కాబట్టి దాని గురించి ధైర్యంగా చెప్పగలను. మొదటి రెండింటి గురించి కోపంగా మాత్రమే చెప్పగలను.

మొదటిది 3 అంగుళాల గుండ్రటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, ప్రతి తలుపు కిందా ఒక ప్లాస్టిక్ ప్యాడ్. కొత్తలో అద్దంలా మెరిసింది. గుండ్రటి గొట్టం మీద పాదం ఆనేది ముందు భాగం మాత్రమేనని, మడమ గాలిలోనే ఉంటుందని కొనేటప్పుడు తట్టలేదు. పొడిగా ఉన్నప్పుడు ఎలాగో గడిచింది. మొదటి వానలోనే ప్యాడ్ అంచు దాటి కాలు జారి, పిక్క మీద జానెడు చర్మం లేచిపోయింది. ఏడాది తిరిగేసరికి గొట్టం అడుగున గోధుమ రంగు మరకలు మొదలయ్యాయి. స్టెయిన్‌లెస్‌కు మరకలేమిటని అయస్కాంతం పెట్టి చూస్తే టక్కున అంటుకుంది. అంటే అది 430 లాంటి నికెల్ లేని రకం. నికెల్ కలిసిన 304 రకం అయితే తిన్నటి భాగంలో అయస్కాంతం పట్టదు, వంపుల దగ్గర మాత్రం కాస్త పట్టవచ్చు. తేమను, ఉప్పు గాలిని తట్టుకోవడంలో రెండింటికీ చాలా తేడా ఉంది. జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని దుకాణానికి వెళ్లడం నేను నేర్చుకున్న మొదటి పాఠం.

అసలు లోపం మెరుపులోనో మరకలోనో లేదు, ఎత్తులో ఉంది. ఆ గొట్టం బండి అందం చెడకుండా క్యాబిన్ అడుగుకు దాదాపు ఆనుకుని ఉండేది. నేల నుంచి గొట్టానికి 50 సెంటీమీటర్లు, గొట్టం నుంచి క్యాబిన్ నేలకు 12. ఇంటి మెట్టు ఒక్కొక్కటి 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మా అమ్మ దాదాపు మూడు మెట్లను ఒక్క అడుగులో ఎక్కాలి, ఆ తర్వాత మెట్టు కూడా కాని మెట్టు ఇంకొకటి. ఒకసారి తలుపు పిడి పట్టుకుని కాలెత్తి, మళ్లీ దించేసి, "నాయనా, ఇది ఎక్కడానికి పెట్టించావా, చూడడానికా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. నాకైతే మెట్టుతో పనిలేదు, నేరుగా ఎక్కేస్తాను. నాకు అవసరం లేని వస్తువును నా కంటికి నచ్చినట్టు కొన్నానన్నమాట.

రెండో జత 6 అంగుళాల వెడల్పున్న అల్యూమినియం రన్నింగ్ బోర్డులు. పాదం మొత్తం ఆనింది, జారడం పోయింది. ముందు చక్రం విసిరే రాళ్లు, బురద తలుపుల కింది రేకు దాకా రాకుండా బోర్డే అడ్డుకునేది. ఆ ఒక్క గుణానికి దాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. అయితే బురద ఎక్కడికీ పోలేదు, బోర్డు మీదే పేరుకుంది. నేరుగా దిగే నాలాంటి పొడుగువాళ్ల ప్యాంటు వెనక భాగం దాన్ని శుభ్రంగా తుడిచిపెట్టేది. ఎత్తు మాత్రం 5 సెంటీమీటర్లే తగ్గింది.

ఆ జతను పాడుచేసింది బోర్డు కాదు, బిగింపు. పికప్‌లలో చాలా వాటికి ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) వేరు, క్యాబిన్ వేరు. క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కనుక, గతుకుల్లో ఛాసిస్ ఒకలా మెలితిరిగితే క్యాబిన్ ఇంకొకలా కదులుతుంది. కాబట్టి సైడ్ స్టెప్పును క్యాబిన్‌కైనా బిగించాలి, ఛాసిస్‌కైనా బిగించాలి, రెండింటికీ కలిపి కాదు. నాకు బిగించిన మెకానిక్ బోర్డు కొంచెం ఊగుతోందని, బలం కోసమంటూ మధ్యలో ఒక పట్టీని ఛాసిస్‌కు కట్టాడు. ఆయన ఉద్దేశం మంచిదే. నెల తిరగకముందే కిర్రు కిర్రుమనే చప్పుడు, ఏడాదిన్నరకు వెనక బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత చీలిక. విప్పబోతే స్టీలు బోల్టులు అల్యూమినియంలో కరుచుకుపోయాయి, చుట్టూ తెల్లటి పొడి. స్టీలు, అల్యూమినియం తడిలో కలిసి ఉంటే తినుకుపోయేది అల్యూమినియమే. "అల్యూమినియం తుప్పు పట్టదు" అని అమ్మేవాళ్లు చెప్పేది నిజమే, ఎర్ర తుప్పు పట్టదు. బోల్టు దగ్గర జరిగేది వేరే కథ. మధ్యలో నైలాన్ వాషర్, మరలకు అవి కరుచుకుపోకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు వాడి ఉంటే చాలా వరకు ఆగేది. ఆ బోల్టుల్లో మూడింటిని గ్రైండర్‌తో కోయాల్సి వచ్చింది.

మూడో జతకు ముందు కేటలాగులన్నీ పక్కన పెట్టాను. బండిని చదునైన నేల మీద ఆపి, తలుపు తెరిచి, చెక్క పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి అమ్మను ఎక్కమన్నాను. 45 సెంటీమీటర్ల దగ్గర మోకాలు పట్టుకుంది. 42 దగ్గర ఎక్కింది కానీ మొహం చిట్లించింది. 36 దగ్గర మాట్లాడుతూనే ఎక్కి కూర్చుంది. అక్కడి నుంచి క్యాబిన్ నేలకు 26, ముందు అద్దం పక్క స్తంభానికి ఉన్న పిడి పట్టుకుంటే అది ఆమెకు కష్టం కాలేదు. పలక అంచు బండి నుంచి ఎంత బయటికి ఉంటే పాదం సరిగ్గా పడుతోందో కూడా సుద్దతో గీత గీసుకున్నాను. ఇక నేను వెతికింది బ్రాండును కాదు, ఆ అంకెను.

దొరికింది కోడిగుడ్డు ఆకారపు 5 అంగుళాల స్టీలు గొట్టం. ప్రతి తలుపు కిందా గొట్టానికి వేలాడే అదనపు మెట్టు ఉంటుంది. వైపుకు మూడు బ్రాకెట్లు, మూడూ క్యాబిన్‌కే, కంపెనీ ముందే వేసి ఉంచిన రంధ్రాలలోనే. కొత్తగా డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం తుప్పుకు తెరిచిన తలుపు కనుక ఆ విషయంలో రాజీపడలేదు. వేలాడే మెట్టు పైభాగంలో చిల్లులు పొడిచి, అంచులు పైకి లేచి ఉన్నాయి. బురద కిందికి రాలిపోతుంది, తడి చెప్పు కూడా పట్టు దొరకబుచ్చుకుంటుంది. మొదటి రెండు జతల మీద ఉన్న ప్లాస్టిక్ ప్యాడ్ ఇక నాకొద్దు. ఎండకు రెండేళ్లలో గట్టిపడి నున్నగా తయారవుతుంది.

దీనికి చెల్లించిన మూల్యం నేల క్లియరెన్స్. వేలాడే మెట్టు అడుగు భాగం నేలకు 30 సెంటీమీటర్లే ఉంటుంది. పొడవైన బండి గుట్టలాంటి ఎత్తును దాటేటప్పుడు ముందు తగిలేది రెండు ఇరుసుల మధ్య భాగమే, ఆ భాగంలోనే ఇవి ఉన్నాయి. నాలుగేళ్లలో మూడుసార్లు రాసుకున్నాయి. ఒకసారి కుడివైపు వెనక మెట్టు ఒక బండరాయికి తగిలి పైకి వంగింది, తలుపు అడుగు దానికి తగిలి సగమే తెరుచుకుంది. ఎడమ తలుపు నుంచి దిగి, జాకీ రాడ్డుతో దాన్ని కిందికి వంచాను. తరచూ రాళ్లదారుల్లో వెళ్లేవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లకు కావలసింది ఛాసిస్‌కు బిగించే మందపాటి గొట్టపు రాక్ స్లైడర్లు. అవి బండి బరువునే మోస్తాయి, కానీ ఎత్తులో ఉంటాయి, బరువూ ఎక్కువే, మెట్టుగా మా అమ్మకు మొదటి గొట్టంతో సమానం.

తలుపు తీస్తే కిందికి దిగి, వేస్తే లోపలికి ముడుచుకునే కరెంటు మెట్లు ఈ చిక్కుకు అసలైన జవాబు అనిపిస్తుంది. స్నేహితుడి బండిని నెలరోజులు నడిపాను. ఎత్తు అమోఘం, నేల క్లియరెన్స్ కూడా చెడదు. కానీ కీళ్లలో ఇసుక, బురద చేరితే మోటారు మూలుగుతుంది. పైపుతో కడిగి సిలికాన్ స్ప్రే కొడుతూ ఉండాలి, గ్రీజు పూస్తే అదే ఇసుకను పట్టి ఉంచుతుంది. తలుపు దగ్గర నిలబడి ఉంటే మెట్టు వచ్చి కాలి ఎముకకు తగులుతుంది. నాకు రెండుసార్లు తగిలింది, రెండోసారి తప్పు నాదే.

మూడో జతలో నాకు మిగిలిన అసంతృప్తి ఒకటే. గొట్టం క్యాబిన్ పొడవుకే ఆగిపోయింది. వెనక చక్రం దాకా సాగే రకం కొని ఉంటే ట్రక్కు బెడ్ ముందు భాగంలో సామాను కట్టేటప్పుడు నిలబడడానికి చోటు ఉండేది. ఇప్పుడు టైరెక్కి వేలాడుతున్నాను.

కొనేముందు బరువు పరిమితి అడిగితే 136 కిలోలనో 226 కిలోలనో చెబుతారు. అది ఒక్కో మెట్టుకా, ఒక వైపు మొత్తానికా అని మళ్లీ అడగండి. పైగా అది కదలకుండా నిలబడే బరువు. పై నుంచి దూకి దిగే మనిషి మెట్టు మీద వేసే భారం అతని బరువుకన్నా చాలా ఎక్కువ. బిగించి ఉన్న నమూనా కనిపిస్తే రెండు బ్రాకెట్ల మధ్య నిలబడి మెల్లగా ఊగి చూడండి. కాగితం మీది అంకెకన్నా మీ పాదం నిజం చెబుతుంది. జాకీ పెట్టే చోటు మూసుకుపోతుందో లేదో వంగి చూడండి, పంక్చరైన రోజు చూస్తే లాభం లేదు. బిగించాక మొదటి 500 కిలోమీటర్లకు బోల్టులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. నావి ఆరింటిలో రెండు వదులయ్యాయి.

గొట్టం మీది పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించిన పూత) నాలుగేళ్లకు బాగానే నిలిచింది. రాయి తగిలిన చోట మాత్రం రంగు కింద తుప్పు పాకుతూ పొక్కులా లేచింది. వేలితో నొక్కితే పెళుసుగా ఊడింది. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, నల్లరంగు కొట్టాను. కుడివైపు వెనక బ్రాకెట్ లోపలి మూలన అలాంటిదే ఇంకొకటి కనిపిస్తోంది. వానలు మొదలవక ముందే దాన్ని విప్పాలి. ఆ రోజు అమ్మను ఎడమ తలుపు నుంచి ఎక్కించాలి.